దొరల బూతుకు దొడ్డ గోత్రం

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు పిల్లాడి పుట్టినరోజుకు పిలిస్తే వెళ్లాను. ఏడు నిండి ఎనిమిదిలో పడ్డాడు. కొవ్వొత్తులు ఊదాడు, కేకు కోశాడు, అందరం చప్పట్లు కొట్టాం. ఇంతలో చేతిలో ప్లేటు ఒరిగి కేకు ముక్క కొత్త ప్యాంటు మీద పడింది.

"ఓ షిట్!" అన్నాడు.

వాళ్లమ్మ కళ్లు మెరిశాయి. "కంగారొచ్చినా వీడికి ఇంగ్లిషే వస్తుందండీ" అంది నా వైపు తిరిగి. చుట్టూ ఉన్నవాళ్లం తలూపాం. అంతంత ఫీజులు పోస్తున్నప్పుడు ఆ మాత్రం రాకపోతే ఎలా?

అయిదు నిమిషాలైనా గడవలేదు. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చిన నాయనమ్మ ఒళ్లో చంటిదాన్ని ఎత్తి చూసి, "అమ్మాయ్, పిల్ల పియ్యేరిగిందే. ముడ్డి కడిగి తీసుకురా" అంది.

హాల్లో పాట ఆగిపోయినట్టయింది. ఒకావిడ ఫోన్‌లోకి తల దించేసింది. ఒకాయన కిటికీలోంచి ఆకాశం చూశాడు. కోడలి మొహం కందిపోయింది.

"అత్తయ్యా! నలుగురిలో ఆ మాటలేంటి? పిల్లలు నేర్చుకుంటారు."

"మరేమనమంటావే?"

"పాటీ అనండి."

పెద్దావిడ నోరు మూసుకుంది. అయిదుగురు బిడ్డల్నీ తొమ్మిదిమంది మనవల్నీ కడిగి ఆరబెట్టి పెంచిన నోరది. ఇన్నేళ్లకు దానికి సబ్బు పడింది.

ఇందులో ఉన్న ధర్మసూక్ష్మం గ్రహించండి. నిజంగా ఆ పదార్థం ఉన్నచోట దాని పేరెత్తకూడదు. అది లేనిచోట, అంటే కేకు పడినచోట, బస్సు తప్పినచోట, మార్కులు తగ్గినచోట, నిరభ్యంతరంగా ఎత్తవచ్చు. కాకపోతే దొరల భాషలో ఎత్తాలి. తెలుగులో అంటే మైల, ఇంగ్లిష్‌లో అంటే మడి.

పక్కనే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు సమోసా తింటున్నారు. రిటైరైన ఇంజినీరు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఆరింటికల్లా ప్రపంచ విజ్ఞానమంతా ముప్ఫై గ్రూపులకు పంచేస్తారు. నా మొహంలో ఏం కనిపించిందో, "అసలది బూతే కాదండీ" అని ఓదార్చారు.

"ఏది? ఆవిడ అన్నదా?"

"ఛఛ, అది పచ్చి బూతే. పిల్లాడన్నది కాదు. వెనకటికి ఓడల్లో ఎండు పేడ మూటలు పంపేవారట. అడుగున పెడితే నీళ్లు తగిలి మీథేన్ పుట్టేదట. రాత్రిపూట ఎవడో లాంతరు పట్టుకుని దిగితే ఢామ్మని ఓడ పేలిపోయేదట. అప్పట్నుంచీ మూటల మీద ‘షిప్ హై ఇన్ ట్రాన్సిట్’ అని ముద్ర కొట్టేవారట. పైన పెట్టి తీసుకెళ్లండీ అని. మొదటి అక్షరాలు కలపండి!"

కలిపాను. ఎస్, హెచ్, ఐ, టీ.

"చూశారా? నౌకాయాన భద్రతా సూత్రం!" అన్నారు, సమోసా కొన చట్నీలో ముంచుతూ.

ఆ కథలో నాలుగు ‘అట’లున్నాయి. కళ్లారా చూడని సంగతికి తోకగా ‘అట’ తగిలించే ఏర్పాటు మన పెద్దలు భాషలోనే చేసిపెట్టారు, వినేవాడు జాగ్రత్తపడతాడని. ఇంగ్లిష్‌కు ఆ తోక లేదు పాపం. అక్కడ గాలివార్త కూడా సూటూ బూటూ వేసుకుని తిరుగుతుంది. సెక్రటరీగారి ఫోన్‌లోకి వచ్చింది ఆ సూటుతోనే. ఆయన పుణ్యమా అని తెలుగులోకి దిగేసరికి తోక మొలిచింది.

నిజం చెప్పుకుందాం. మూటలూ ముద్రలూ మీథేన్ భయాలూ ఏవీ పుట్టకముందు, వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లిష్‌లోనే ఈ మాట విరేచనాలకు వాడుకలో ఉంది. దీని జ్ఞాతులు జర్మన్‌లో ఉన్నారు, డచ్‌లో ఉన్నారు, స్వీడిష్‌లో ఉన్నారు. వాళ్లందరూ రేవులో వరసగా నిలబడి ఒకే మూట మీది ముద్ర చదివి ఉండరు కదా. భాషా చరిత్రకారులు ఇంకా లోతుకు తవ్వి, ‘చీల్చు, వేరుచేయు’ అనే అర్థమున్న ఒక ఆది ధాతువు దగ్గర తేలారు. ఒంట్లోంచి వేరుపడేది కాబట్టి ఆ పేరు. అంతే. ఓడ లేదు, లాంతరు లేదు.

అసలు తమాషా ఆ ధాతువు మిగతా సంతానంలో ఉంది. అదే లాటిన్‌లోకి వెళ్లి ‘వేరుచేసి తెలుసుకోవడం’ అయింది. దాని కడుపున ‘సైన్స్’ పుట్టింది, ‘కాన్షెన్స్’ పుట్టింది. ‘ఏమీ తెలియనివాడు’ అనే అర్థంతో ‘నైస్’ కూడా ఆ ఇంట్లోనే పుట్టి, తర్వాత మంచిపేరు తెచ్చుకుంది. సంస్కృతంలో అదే ‘ఛిద్’ అయింది. ఛేదనం, విచ్ఛిన్నం, ఆఖరికి పద్యం విడగొట్టి చెప్పే పంతులుగారి పదచ్ఛేదం దాకా అంతా ఒకటే వంశం. అంటే సెక్రటరీగారూ, తమరు చదువుకున్న సైన్సూ మూడో అంతస్తు కుర్రాడన్న షిట్టూ అన్నదమ్ముల పిల్లలు. ఇంత గొప్ప చుట్టరికం పెట్టుకుని పేడ ఓడలెక్కడం ఎందుకండీ?

కానీ ఆయన వింటేనా? కొత్తగా డబ్బు చేసినవాడు ఏం చేస్తాడు? ఆస్థాన పండితుణ్ని పిలిచి, తాతను సూర్యవంశంలో కలిపి ఓ వంశావళి రాయించుకుంటాడు. ఇంగ్లిష్ బూతులకు ఆ సేవ మనమే ఉచితంగా చేస్తున్నాం. వాటిని నోట పెట్టుకుని తిరగాలని ఉంది, కానీ వాటి పుట్టుక ఒప్పుకోవాలని లేదు. అందుకని ప్రతి బూతుకూ ఒక స్థలపురాణం కడుతున్నాం.

"మరి రెండోదాని సంగతో?" అన్నారు సెక్రటరీగారు గొంతు తగ్గించి. ఎఫ్‌తో మొదలయ్యేది. "దానికి రాజముద్రే ఉంది. ప్లేగులో జనం పోతే రాజుగారు పిల్లల్ని కనమని దంపతులకు చీటీలిచ్చేవాడట. తలుపు మీద ‘ఫోర్నికేషన్ అండర్ కన్సెంట్ ఆఫ్ ద కింగ్’ అని బల్ల కట్టుకునేవారట."

ఆయన ప్రభుత్వంలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. ఆయనే నమ్మితే ఎలా? ఒక్క ఆదాయ ధ్రువపత్రానికి మనం ఎన్నిసార్లు తిరుగుతామో తెలియదా? రాజుగారి దగ్గర ఆ దరఖాస్తు కదిలి, గుమస్తా సంతకం పడి, చీటీ చేతికొచ్చేసరికి దంపతులకు షష్టిపూర్తి అయ్యేది. ఇంగ్లండ్ జనాభా అక్కడితో సరి.

ఈ మాట వేరు కూడా జర్మానిక్ భాషల్లోదే. డచ్‌లో, స్కాండినేవియా మాండలికాల్లో దీని బంధువులున్నారు. కొట్టడం, ఊపడం, పశువుల్ని దాటించడం అనే అర్థాల చుట్టూ తిరుగుతారు. రాజుగారి సంగతంటారా, చెస్టర్ కోర్టు కాగితాలు చూడండి. 1310లో రోజర్ అనే ఒకడి పేరు అందులో నమోదైంది. అతని ఇంటిపేరులోనే ఈ మాట ఉంది. విడదీసి చెబితే, ఆ పని ఎక్కడ చేయాలో తెలియక బొడ్డు దగ్గర ఆగిపోయినవాడని అర్థం. కీల్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారుడు పాల్ బూత్ ఈ పేరును 2015లో బయటపెట్టారు. కోర్టు పాపం అతన్ని మూడుసార్లు పిలిచి, చివరికి చట్టబహిష్కృతుడిగా ప్రకటించింది. రాజుగారి అనుమతి మాట దేవుడెరుగు, రాజుగారి న్యాయస్థానమే అతన్ని వెలేసింది.

తర్వాత 1475 ప్రాంతంలో కేంబ్రిడ్జి పట్టణపు సన్యాసుల మీద ఎవరో లాటిన్, ఇంగ్లిష్ కలిపి ఓ వెక్కిరింపు పద్యం రాశారు. సరిగ్గా ఈ మాట వచ్చినచోట ప్రతి అక్షరానికీ బదులు వర్ణమాలలో దాని తర్వాతి అక్షరం వేసి దాచారు. మన టీవీలో ‘బీప్’ వేస్తారే, దానికి ముత్తాత ఇదే. 1598లో జాన్ ఫ్లోరియో తన ఇటాలియన్-ఇంగ్లిష్ నిఘంటువులో దీన్ని దాపరికం లేకుండా వేశాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన మహా నిఘంటువులోంచి తీసేశాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ‘ఎఫ్’ భాగం వేసినప్పుడు విక్టోరియా మహారాణి కాలం. పండితులు ఆ పుట దగ్గర కళ్లు మూసుకున్నారు. 1972 అనుబంధం వచ్చేదాకా తెరవలేదు. ఆరువందల ఏళ్లకు పైగా నోళ్లలో నానిన మాట తమ పుస్తకంలో చోటు దొరికేదాకా లేనట్టే లెక్క.

ఇంతకీ ఈ మొదటి అక్షరాల కథలు ఎందుకు అబద్ధాలో తేలిగ్గా పట్టుకోవచ్చు. పొడి అక్షరాలు కలిపి ఒక మాటగా పలికే అలవాటు ఇంగ్లిష్‌లో ఇరవయ్యో శతాబ్దంలో, అదీ యుద్ధాల పుణ్యమా అని పెరిగింది. ‘అక్రొనిమ్’ అనే మాటే అక్కడ 1940ల్లో నిలదొక్కుకుంది. మధ్యయుగపు రైతు పేడ మూట మీద పొడి అక్షరాలు రాశాడని నమ్మేవాడు, శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు ‘ఓకే’ అని మెసేజ్ పెట్టాడని కూడా నమ్మాలి.

అబద్ధాలకు కరువు లేదు కాబట్టి మరొకటి వినండి. లండన్ చెల్సీలో థామస్ క్రాపర్ అనే ప్లంబింగ్ వ్యాపారి ఉండేవాడు. పుట్టింది 1836, పోయింది 1910. మరుగుదొడ్డి కనిపెట్టింది ఆయనేననీ, ‘క్రాప్’ అనే మాట ఆయన పేరులోంచే జారిపడిందనీ చెబుతారు. ఆయన పేటెంట్లు తెచ్చుకున్న మాట నిజం, రాజకుటుంబానికి సామాన్లు బిగించిన మాటా నిజం. కానీ నీళ్లతో కొట్టుకుపోయే దొడ్డి ఆయనకు రెండున్నర వందల ఏళ్ల ముందే ఉంది. మొదటి ఎలిజబెత్ మహారాణి జ్ఞానపుత్రుడు సర్ జాన్ హారింగ్టన్ 1596లో దాని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ దానికి పేటెంటూ తీసుకున్నాడు. ఇక ‘క్రాప్’ అన్న మాట ఈ అర్థంలో అచ్చులో కనబడేటప్పటికి క్రాపర్‌గారు పదేళ్ల కుర్రాడు. చేతిలో ఇంకా పానా కూడా పట్టలేదు.

ఆ మాటకు పాత అర్థం ఏమిటో తెలుసా? తూర్పారబడితే ఎగిరిపోయేది. మన భాషలో చెబితే తాలు, ఊక, చిట్టు. పనికిరానిదాన్ని మనం ‘తప్పా తాలూ’ అంటాం. ఇంగ్లండ్ రైతూ అదే కళ్లంలో నిలబడి అదే అన్నాడు. కళ్లంలోంచి దొడ్లోకి దారి వాళ్లకు దగ్గరైంది, అంతే తేడా. ‘చిట్టు’ అంటే నామోషీ, ‘షిట్టు’ అంటే స్టైలు అనుకునే మనవాళ్లకు ఈ సంగతి చెప్పినా తలకెక్కదు. అన్నట్టు, 1969లో క్రాపర్‌గారి జీవితచరిత్ర రాసి ఆ పేరును ఊరూరా మోగించిన వాలెస్ రేబర్న్, రెండేళ్లకే బ్రాసియర్ కనిపెట్టిన ‘ఆటో టిట్స్‌లింగ్’ అనే మహానుభావుడి చరిత్ర కూడా రాశాడు. ఆ పేరుగల మనిషి భూమ్మీద పుట్టనేలేదు. అయినా ఆయన్నూ నమ్మినవాళ్లున్నారు. బూతుకు పురాణం చెప్పేవాడికి శ్రోతలు ఎప్పుడూ దొరుకుతారు.

‘డామ్’ సంగతి మనకు మరీ దగ్గరిది. మద్రాసు రాజధానిలో కొలువు చేసిన ఆర్థర్ బర్నెల్, కల్నల్ హెన్రీ యూల్ కలిసి రాసిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు 1886లో అచ్చయింది. ‘నాకు డామ్ లెక్క లేదు’ అనే తిట్టులోని డామ్, నిజానికి మన మొగలాయీల రాగి నాణెం ‘దామ్’ అయి ఉంటుందని అందులో సూచించారు. అక్బరు కాలంలో నలభై దాములు ఒక రూపాయి. మన ‘దమ్మిడీ’ ఆ నాణేల సంతతిదే. వినడానికి ఎంత కమ్మగా ఉంది! ‘దమ్మిడీకి కొరగాడు’ అన్న మన నాయనమ్మల తిట్టే దొరలు ఎత్తుకుపోయారని కాలరెగరేయాలనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పండితులు మాత్రం ఒప్పుకోలేదు. అది నరకానికి పొమ్మనే లాటిన్ శాపంలోంచి వచ్చిన మాటేనని తేల్చేశారు. నాణెం మనదే, తిట్టు వాళ్లదే. గ్రూపుల్లో దేశభక్తితో దీన్ని పంచుకుంటున్నవాళ్లు ఆ దమ్మిడీ వెనక్కి ఇచ్చేయాలి.

ఇంత తవ్వాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇవన్నీ ఒకప్పుడు మామూలు మాటలే అయితే, బూతులెలా అయ్యాయి?

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో చాలావరకు ఇవి బూతులే కావు. పదమూడో శతాబ్దపు లండన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో వేశ్యావాటికలకు స్త్రీ మర్మాంగం పేరుతో బహిరంగంగా వీధి పేర్లుండేవి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ వీధి ఇవాళ మ్యాగ్‌పై లేన్ అనే ముద్దుపేరుతో ఉంది. విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని అందులోంచే కాలేజీకి వెళతారు. 1382 నాటి విక్లిఫ్ బైబిల్లో ‘బోలక్స్’ నిక్షేపంగా ఉంది. అప్పటివాళ్లకు అసలు బూతులు వేరు. దేవుడి గాయాల మీద ఒట్టు, దేవుడి నెత్తురు మీద ఒట్టు అనడం మహాపాపం. 1606లో నాటకాల్లో దేవుడి పేరుతో పరిహాసాలాడితే పది పౌన్ల జరిమానా వేస్తామని చట్టమే చేశారు. షేక్‌స్పియర్ పెదవి కొరుక్కున్నది శరీరం విషయంలో కాదు, దేవుడి విషయంలో.

తర్వాత మర్యాద పెరిగింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన నాటినుంచే ఫ్రెంచి, లాటిన్ మాటలు పెద్దింటివీ, పాత ఇంగ్లిష్ మాటలు పాలేరువీ అయిపోయాయి. రోగి చేసేది ఒకటే పని. డాక్టరు లాటిన్‌లో రాస్తే వైద్యం, తోటవాడు సొంత భాషలో అంటే అసహ్యం. తమాషా చూడండి, లాటిన్, గ్రీకు గోత్రమైతే ఏ మాటైనా చెల్లిపోతుంది. ‘పెన్సిల్’ లాటిన్‌లో ‘చిన్న తోక’. ఆ తోక మాటే ‘పీనిస్’. ‘వెనీలా’ స్పానిష్‌లో ‘చిన్న ఒర’. ఆ ఒర లాటిన్‌లో ‘వజైనా’. ‘ఆర్కిడ్’ గ్రీకులో వృషణం, దాని దుంప అలా ఉంటుందని. బడికి పెన్సిల్ తీసుకెళ్లి, వెనీలా ఐస్‌క్రీం తిని, టీచరుగారికి ఆర్కిడ్ పూలు ఇచ్చొచ్చిన పిల్లాణ్ని మనం బుద్ధిమంతుడంటాం.

నవ్వకండి, మన ఇంట్లోనూ ఇదే భాగోతం. పియ్యి బూతు, మలం శాస్త్రం. ఉచ్చ బూతు, మూత్రం పరీక్ష. పిత్తు బూతు, అపానవాయువు ఆయుర్వేదం. సంస్కృతం చొక్కా తొడిగితే లోపలికి రానిస్తాం, తెలుగు ఒంటిమీద చొక్కా లేకుండా వస్తే గేటు దగ్గరే ఆపేస్తాం. సొంత భాష నోట్లో పుట్టిన ప్రతి మాటకూ మనం అంటు పెట్టాం. ఇంగ్లండ్ పాలేరుకు లాటిన్ దొర చేసినదే ఇది. కాకపోతే మనం ఇంకో మెట్టు పైకెక్కాం. వాళ్ల పాలేరు మాటనే తెచ్చి మన దొరను చేశాం. అక్కడ గేటు బయట నిలబెట్టినవాడికి ఇక్కడ సోఫా వేశాం.

నమ్మకపోతే ఒక లెక్క చూడండి. ఈ వ్యాసంలో ఇప్పటికి ‘షిట్’ ఎన్నోసారో నేనే మర్చిపోయాను. సంపాదకులకు పంపిన చిత్తుప్రతిలో దాని పక్కన ఒక్క గీత కూడా పడలేదు. నాయనమ్మ అన్న రెండు తెలుగు మాటల కిందా ఎర్రగీతలు వచ్చాయి, ‘కుటుంబమంతా చదివే పత్రిక, దయచేసి గమనించగలరు’ అని. కుటుంబమంతా చేసే పని పేరు కుటుంబమంతా చదవకూడదన్నమాట.

ఇంగ్లండ్ వాళ్లు కనీసం తమ బూతు మీద తాము కోర్టుకెక్కి తేల్చుకున్నారు. 1977లో సెక్స్ పిస్టల్స్ అనే పాటల ముఠా ‘బోలక్స్’ మాటను ఏకంగా ఆల్బమ్ పేరులో పెట్టింది. నాటింగ్‌హామ్‌లో ఆ అట్టను కిటికీలో వేలాడదీసిన దుకాణం మేనేజరు మీద 1889 నాటి అసభ్య ప్రకటనల చట్టం కింద కేసు పెట్టారు. ముద్దాయి తరఫున బోనెక్కిందెవరు? నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ ఇంగ్లిష్ ఆచార్యుడు జేమ్స్ కిన్స్‌లీ. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పి, ఒకప్పుడు ఇది మతాచార్యులకు పెట్టిన ఎగతాళి పేరనీ, వాళ్లు వేదిక మీద అర్థంలేని మాటలు చెబుతారు కాబట్టి ‘సోది’ అనే అర్థం స్థిరపడిందనీ సాక్ష్యం చెప్పాడు. అలా చెప్పిన ఆచార్యుడు కూడా ఒకప్పుడు మతాచార్యుడే. కేసు కొట్టేశారు. మన దగ్గర ఏ తెలుగు ఆచార్యుడైనా కోర్టులో నిలబడి ‘వట్టలు’ అనే మాట వ్యుత్పత్తి చెబుతాడేమో ఊహించుకోండి. మర్నాడు ఆయన దిష్టిబొమ్మ తగలబడుతుంది. తగలబెట్టేవాడు వార్తా చానెల్ మైకులో ‘వాట్ ద ఎఫ్!’ అని ఆవేశపడతాడు.

‘బ్లడీ’ మరీ చూడముచ్చట. 1914 ఏప్రిల్‌లో లండన్‌లో బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ ఆడినప్పుడు పూలమ్మే పిల్ల పాత్ర రంగస్థలం మీద ఆ మాట అనేసరికి హాలు గగ్గోలెత్తింది. జనం నవ్వు ఆగక నాటకం కాసేపు నిలిచిపోయింది. పత్రికలు దానిమీదే రాశాయి. ఆ తర్వాత ఆ మాట అనలేని మర్యాదస్థులు దాని బదులు ‘పిగ్మేలియన్’ అని తిట్టుకునేవారు. దీనికీ ఒక భక్తి పురాణం ఉంది, ‘బై అవర్ లేడీ’ అని మేరీమాత మీద పెట్టిన ఒట్టు అరిగి ఇలా అయిందని. పండితులు నమ్మరు. మన సినిమాల్లో మాత్రం విలన్ చదువుకున్నవాడని తెలియాలంటే ‘యూ బ్లడీ ఫూల్’ అనక తప్పదు. పల్లెటూరి విలన్ అచ్చ తెలుగులో ఒక్కటి తిడితే కత్తెర, కోటు వేసుకున్న విలన్ ఇంగ్లిష్‌లో పది తిట్టినా సకుటుంబ సపరివారం.

ఈ కత్తెర ఎక్కడిదో కూడా చూద్దాం. తంజావూరు ఆస్థానంలో పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చుకిస్తే, మరుసటి ఏడే తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆడది రాసిందే తప్పు, అందులో శృంగారమా అని మన పెద్దమనుషులూ ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ నిషేధం ఎత్తేయడానికి 1947లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం కావలసివచ్చింది. ఏది అశ్లీలమో కొలవడానికి దొరలిచ్చిన గజం బద్ద 1868 నాటిది, హిక్లిన్ కేసులో తయారైంది. 1959లో వాళ్లు కొత్త చట్టం చేసుకుని ఆ బద్ద మూల పడేశారు. 1960లో ‘లేడీ చాటర్లీస్ లవర్’ అచ్చేసిన పెంగ్విన్‌ను నిర్దోషి అన్నారు. అదే పుస్తకం అమ్మిన బొంబాయి దుకాణదారుకు 1964లో మన సుప్రీంకోర్టు అదే పాత బద్దతో కొలిచి శిక్ష ఖాయం చేసింది. 2014 దాకా ఆ బద్ద మన చేతిలోంచి జారలేదు. అంటే వాళ్లు పారేసిన సిగ్గును మనం తెచ్చి తొడుక్కున్నాం, వాళ్లు సిగ్గుపడ్డ మాటల్ని తెచ్చి మెళ్లో వేసుకున్నాం. రెండూ ఒకే ఒంటిమీద ఎలా ఇముడుతున్నాయో అద్దంలో చూసుకునే తీరిక లేదు.

బూతులు మానేయమని నేను చెప్పబోవడం లేదు. మనిషన్నాక కాలికి రాయి తగిలినప్పుడు నోటికి ఏదో ఒకటి కావాలి. నా పోరల్లా లెక్క సరిగ్గా వేయమని. బూతంటే రెండు భాషల్లోనూ బూతే అనండి, పిల్లాణ్నీ నాయనమ్మనూ కలిపి మందలించండి. కాదంటే ఇద్దర్నీ వదిలేయండి. ఒకరికి చప్పట్లు, ఒకరికి చీవాట్లు అంటే తప్పు మాటలో లేదు, మీ తక్కెడలో ఉంది.

పుట్టినరోజు అయిన వారానికి, లిఫ్టులో పిల్లాడూ నేనూ ఎక్కాం. రెండో అంతస్తు దాటగానే కరెంటు పోయింది.

"ఓ షిట్!" అన్నాడు చీకట్లో.

"అంటే ఏంట్రా నాన్నా?"

కాసేపు ఆలోచించాడు. "అంటే... అయ్యో అని."

"కాదు. మొన్న మీ నాయనమ్మ చెల్లాయి గురించి అందే, అదే."

మళ్లీ ఆలోచించాడు. "డైపర్లోదా?"

"డైపర్లోదే."

"ఛీ!" అని ముక్కు మూసుకున్నాడు. చీకట్లో ఆ గొంతు మారడాన్నిబట్టి తెలిసింది. "మా మ్యామ్ రోజూ అంటుంది తాతా!"

జనరేటర్ వేశారు. లిఫ్టు కదిలింది. మూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే బ్యాగు ఊపుకుంటూ పరుగెత్తాడు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దావిడకు అక్కణ్నుంచే కేకేసి చెప్పాడు.

"నాయనమ్మా! నువ్వన్న మాట మా మ్యామ్‌కి కూడా వచ్చు!"

ఆవిడ తలెత్తలేదు. చిక్కుడుకాయ నార తీస్తూ అంది, "చదువుకున్నావిడ కదరా, ఎందుకు రాదూ?"